స్వచ్ఛందం అంటే ఎవరి ఇష్టం?

2020 మార్చి ఆఖరువారంలో ఒక రాత్రి శంషాబాదు మండలం పెద్ద గోల్కొండ దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు మీద, కూలీలతో పోతున్న బండిని వెనకనుంచి లారీ గుద్దింది. సూర్యాపేట వైపు రోడ్డుపనికి వచ్చి, పని ఆగిపోగా రాయచూరు జిల్లాలోని సొంత ఊళ్ళకు బయలుదేరిన కుటుంబాలవి. చనిపోయినవాళ్ళలో పసిపిల్లలున్నారు. దేశమంతటా లాక్‌డౌన్ మొదలై అప్పటికి మూడు రోజులే. అదే మండలంలో, సుమారు 5,500 ఎకరాల్లో పరుచుకున్న విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి కూడా మూడు రోజులే.

ఆ తర్వాత వారాల్లో అదే రోడ్లమీద అన్నం పొట్లాలు, మంచినీళ్ళ సీసాలు, చెప్పులు పట్టుకుని వందలాదిమంది నిలబడ్డారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ జీతమివ్వలేదు. వాళ్ళను మనం స్వచ్ఛంద సేవకులన్నాం. కథల్లో, కవితల్లో వాళ్ళకు నమస్కారాలు పెట్టాం. పెట్టవలసిందే. కాని నమస్కారంతో రచయిత పని పూర్తికాదు. ఆ సేవ ఎందుకు అవసరమైంది, అది ఎంతదూరం పోగలిగింది, ఎక్కడ ఆగిపోయింది, దాని పేరు చెప్పుకుని ఎవరెవరు ఏ బాధ్యత తప్పించుకున్నారు అన్న ప్రశ్నలు మిగిలే వున్నాయి. వాటిని విడమరచి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

1. సేవకు ఒక చరిత్ర ఉంది

రోగం వచ్చినప్పుడు జనం జనాన్ని ఆదుకోవడం మనకు కొత్తకాదు. 1911లో హైదరాబాదును ప్లేగు పీడించింది. ఏడేళ్ళ తర్వాత ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. ఆ కాలంలో దళితుల మధ్య సంఘాన్ని కట్టిన భాగ్యరెడ్డి వర్మ సేవాదళాన్ని కూడా నడిపాడు. ఊరు ముట్టుకోవద్దన్న మనుషులే ఊరి కష్టానికి ముందు నిలబడటం అందులోని విశేషం. 1943 బెంగాల్ కరువులో అభ్యుదయ కళాకారులు పాటలు పాడి, నాటకాలు ఆడి విరాళాలు పోగుచేశారు. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు విద్యార్థులు శవాలు మోశారు.

ఈ సందర్భాలన్నిటిలో కనిపించే ఒక లక్షణం గమనించాలి. సేవచేసినవాడు సేవ దగ్గరే ఆగలేదు. భాగ్యరెడ్డి వర్మ శవాన్ని మోసిన చేత్తోనే బడి పెట్టాడు. కరువు పాట పాడినవాడు ధాన్యం దాచిన వ్యాపారిని వేలెత్తి చూపాడు. జాలి అక్కడ ప్రశ్నగా మారింది. కరోనాకాలపు సేవ ఈ మెట్టు ఎక్కిందా లేదా అన్నదే మనం తేల్చుకోవలసింది.

2. రోడ్డుమీది సేవ: దాని బలం, దాని హద్దు

2020 మార్చి 25 నుంచి రవాణా, కట్టుబడి పనులు, హోటళ్ళు, దుకాణాలు ఒక్కసారిగా మూతబడ్డాయి. తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డున్నవాళ్ళకు మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ప్రకటించింది. వలస కూలీకి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు అంది. కాని వలస కూలీని ముందు లెక్కలోకి తీసుకోవాలి. మేస్త్రీ పుస్తకంలో ఉన్న పేరు ప్రభుత్వం పుస్తకంలో ఉండదు. బియ్యం వచ్చినా వండుకోవడానికి పొయ్యి, గిన్నె, ఉప్పు, పప్పు కావాలి. ఈ సందులోకి వచ్చి నిలబడ్డవాళ్ళే స్వచ్ఛంద సేవకులు.

వాళ్ళెవరు? ఇంటినుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులున్నారు. బడి మూతబడ్డ టీచర్లున్నారు. మసీదు కమిటీలు, గురుద్వారాలు, కాలనీ సంఘాలు ఉన్నాయి. కిరాయిలు లేక ఖాళీగా నిలిచిన తమ బండ్లతోనే సరుకులు మోసిన డ్రైవర్లున్నారు. ఎల్.బి.నగర్‌లో ఒక ఉద్యోగి తన సొంత డబ్బుతో మొదలుపెట్టిన బియ్యం పంపిణీ ‘రైస్ ఏటీఎం’గా పేరు పొందింది. జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల పేద రైతు స్త్రీలు తాము పండించిన చిరుధాన్యాలతో ఇతరుల ఆకలి తీర్చారు. 2021లో రెండోసారి రోగం విజృంభించి, సొంతవాళ్ళే శవాన్ని ముట్టుకోవడానికి జంకినప్పుడు, హైదరాబాదు ముస్లిం యువకులు హిందువుల దహన సంస్కారాలు కూడా చేశారు. ఏడాది కిందటే రోగాన్ని వాళ్ళ మతానికి అంటగట్టి జరిగిన ప్రచారానికి ఇంతకన్నా జవాబు అక్కరలేదు.

ఇది బలం. మరి హద్దు? మొదటిది, సేవకుడి చేతిలో పాసు ఉండాలి. పాసు దొరకాలంటే ఎవరో తెలిసుండాలి. అంటే పేదవాడు పేదవాడికి చేసే సాయం చట్టవిరుద్ధంగా కనిపించింది, కారున్నవాడు చేసే సాయం సేవగా కనిపించింది. రెండవది, ఇంతకాలం సేవాసంఘాలను నడిపించింది పదవీ విరమణ చేసిన పెద్దలు, గృహిణులు. వయసు కారణంగా వాళ్ళు ఇంట్లో ఉండవలసివచ్చింది. వాళ్ళతోపాటే ఏ బస్తీలో ఎవరికి ఏం అవసరమో తెలిసిన జ్ఞాపకం కూడా ఇంట్లో ఉండిపోయింది. మూడవది, అన్నిటికన్నా ముఖ్యమైనది: పొట్లం ఆకలిని ఒకపూట తీరుస్తుంది, బకాయిపడ్డ కూలిని ఇప్పించలేదు. మే 1న లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక రైలు కదిలింది. అంతవరకు కూలీ అడిగింది రెండే: నా కూలి నాకివ్వండి, నన్ను ఇంటికి పంపండి. ఆ రెండూ సేవకుడి చేతిలో లేవు. ములుగు జిల్లాలో మిరపకోతకు వచ్చి, ఛత్తీస్‌గఢ్‌లోని ఇంటికి అడవిదారిన నడుస్తూ ఏప్రిల్ 18న ప్రాణం విడిచిన 12 ఏళ్ళ బాలికకు ఏ పొట్లమూ అందలేదు.

3. కంపెనీల సేవ: చట్టం, లాభం, దారి మళ్ళింపు

శంషాబాదులాంటి చోట సేవ అనగానే వ్యక్తుల సేవ కన్నా సంస్థల సేవ కనిపిస్తుంది. 2008 మార్చిలో విమానాశ్రయం మొదలయ్యాక పొలాలు పోయిన పల్లెల చుట్టూ ట్రస్టులు, శిక్షణ కేంద్రాలు, ఆశ్రమాలు వెలిశాయి. విమానాశ్రయాన్ని నడిపే కంపెనీల సమూహానికి చెందిన జి.ఎం.ఆర్. వరలక్ష్మి ఫౌండేషన్ ఇక్కడ యువకులకు వృత్తి శిక్షణ ఇస్తుంది. మహిళలు చేసిన వస్తువులకు మార్కెట్టు చూపించే పథకమూ నడుపుతుంది. ఇలాంటి సంస్థల పనిని తేలికచేయడం మన ఉద్దేశం కాదు. అది నిలబడ్డ పునాది ఏమిటో చూడాలి.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. లాభం ఉంటే సేవ, లేకపోతే లేదు. అంటే జనానికి కష్టం ముమ్మరంగా ఉన్న ఏడు కంపెనీకీ నష్టపు ఏడైతే, సేవకు ఊట ఆ తర్వాతి ఏళ్ళలో ఎండుతుంది. దీనికితోడు 2020 మార్చి ఆఖరున ‘పి.ఎం. కేర్స్’ నిధి ఏర్పడింది. దానికిచ్చిన విరాళం ఈ 2 శాతం లెక్కలోకి వస్తుందని, ముఖ్యమంత్రుల సహాయనిధికి ఇస్తే రాదని కేంద్ర ప్రభుత్వం వివరణ ఇచ్చింది. ఊళ్ళో చిన్న సంఘానికి చేరవలసిన డబ్బుకు ఢిల్లీ దారి సులువు చేశారు.

అదే సంవత్సరం సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించారు. విదేశీ విరాళం పొందిన సంస్థ దాన్ని మరో సంస్థకు అందించరాదన్నారు. కార్యాలయ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి కుదించారు. ఖాతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే తెరవాలన్నారు. దీని ఫలితం ఏమిటి? పెద్ద సంస్థకు డబ్బు ఉంటుంది, బస్తీ తెలియదు. చిన్న సంఘానికి బస్తీ తెలుసు, డబ్బు ఉండదు. ఈ రెంటినీ కలిపే కాలువను రోగం మధ్యలో పూడ్చారు.

4. సామాజిక వ్యాపారం: రెండు పడవల ప్రయాణం

‘సోషల్ ఎంటర్‌ప్రైజ్’ అనే మాట మనవాళ్ళకు కొత్తగా వినిపించవచ్చు. విషయం పాతదే. దానం అడగకుండా, సరుకు అమ్మి, ఆ వచ్చిన డబ్బుతో సామాజిక ప్రయోజనం సాధించడం. చేనేత సహకార సంఘం ఆలోచన ఇదే. 1990ల మొదట్లో దూబగుంట సారా వ్యతిరేకోద్యమం తర్వాత వ్యాపించిన పొదుపు సంఘాల ఆలోచన కూడా దీనికి దగ్గరదే. దస్త్‌కార్ ఆంధ్ర, మల్ఖా వంటి సంస్థలు నేతగాడికి ముందు పని కల్పించి, తర్వాత బట్టను నగరంలో అమ్ముతాయి.

ఈ ఏర్పాటులో ఒక చిక్కుంది. మంచిపని సామాజికం, కాని ఆదాయం మార్కెట్టుది. మామూలు వ్యాపారి మార్కెట్టు పడిపోతే పనివాళ్ళను తీసేసి నష్టం తగ్గించుకుంటాడు. పనివాళ్ళకోసమే పుట్టిన సంస్థ అలా చేయలేదు. చేస్తే దాని అర్థమే పోతుంది. దాతల దగ్గరికి పోతే, మీది వ్యాపారం కదా అంటారు. బ్యాంకుకు పోతే, మీకు లాభమేది అంటారు. 2020 వేసవిలో ఎగ్జిబిషన్లు రద్దయ్యాయి, పెళ్ళిళ్ళు ఆగాయి. మగ్గం మీది బట్ట గిడ్డంగికి చేరింది, గిడ్డంగి బట్ట కదలలేదు. ఆ జూలైలోనే, ఆగస్టు 7 జాతీయ చేనేత దినోత్సవానికి కొద్దిరోజుల ముందు, అఖిల భారత చేనేత బోర్డును కేంద్రం రద్దుచేసింది.

విమానాశ్రయం దగ్గర ఈ సూత్రం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పొలం పోయిన ఇంటి కొడుకు హోటల్ పనిలో శిక్షణ పొందాడు. తల్లి జనపనార సంచులు కుట్టి ప్రయాణికులకు అమ్మే సంఘంలో చేరింది. అన్న అప్పుచేసి కారు కొని యాప్ కంపెనీకి నడుపుతున్నాడు. మూడు బతుకులకూ ఒకటే ఆధారం: విమానం దిగే ప్రయాణికుడు. మే 25 దాకా దేశీయ విమానాలు లేవు. మామూలు అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27 దాకా మొదలుకాలేదు. పొలం ఉన్ననాడు వాన రాకపోతే పంటే పోయేది, ఊళ్ళో తక్కిన పనులు ఉండేవి. ఇప్పుడు ఇంటిల్లిపాదీ ఒకే పంట మీద బతుకుతున్నారు. కారు అప్పుకు రిజర్వు బ్యాంకు ఆగస్టు దాకా వాయిదా ఇచ్చింది. వాయిదా కంతుకే, వడ్డీ లెక్కకు కాదు. ఇదే విమానాశ్రయంలో సరుకు విమానాలు మాత్రం ఆగలేదు. 2021 మే 1న రష్యా టీకా స్పుత్నిక్ మొదటి విడత దిగింది ఇక్కడే. సరుకుకు ఏర్పాటున్నది, సరుకు మోసే మనిషికి లేదు.

5. ‘వాలంటీర్’ అనే మాట

మాటలతో పనిచేసేవాళ్ళం గనక ఈ మాటను కాస్త ఆగి చూడాలి. ఇంటింటికీ తిరిగి జ్వరం లెక్కలు తీసిన ఆశా కార్యకర్త ప్రభుత్వం దృష్టిలో ఉద్యోగి కాదు, స్వచ్ఛంద కార్యకర్త. కాబట్టి ఆమెకు జీతం కాదు, పారితోషికం. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశాలకు పురస్కారం ప్రకటించింది. పురస్కారం వేతన స్కేలు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 ఆగస్టు 15న, 50 ఇళ్ళకు ఒకరు చొప్పున, నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం మీద వాలంటీర్లను పెట్టారు. కరోనాలో వాళ్ళు గడపగడపకూ తిరిగారు. 2021 ఫిబ్రవరిలో వేతనం పెంచమని అడిగితే, ఇది సేవ, ఉద్యోగం కాదన్న జవాబు వచ్చింది. ఆ ఉగాదికి సేవామిత్ర, సేవారత్న, సేవావజ్ర బిరుదులు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక ఆ వ్యవస్థే కొనసాగలేదు.

స్వచ్ఛందం అంటే స్వ-ఛందం, తన ఇష్టం. వేరే పని దొరక్క 5,000 రూపాయలకు చేరినవాడి ఇష్టం ఎంత? మానేస్తే తిండి పోయే పనిని ఇష్టంతో చేసేపని అనవచ్చునా? దివిసీమలో శవాలు మోసిన విద్యార్థి స్వచ్ఛంద సేవకుడే. ఆశా కార్యకర్త శ్రామికురాలు. ఇద్దరికీ ఒకే మాట వాడితే మొదటివాడి త్యాగాన్ని చూపించి రెండోవ్యక్తి కూలిని ఎగగొట్టవచ్చు. మహమ్మారి ఈ మాట వెనక దాచిన లెక్కను బయటపెట్టింది.

6. రచయితకు మిగిలిన పని

కరోనా మీద మన పత్రికల్లో విరివిగా కథలు వచ్చాయి. వాటిలో తరచుగా కనిపించే లోపం, కథ పంచేవాడి కళ్ళతో నడవడం. పుచ్చుకునేవాడు చెయ్యి చాచిన నీడగానే ఉంటాడు. అతనికి పేరుండదు, మేస్త్రీ ఉండడు, రావలసిన బాకీ ఉండదు, కోపం ఉండదు. చివర అతను కన్నీళ్ళతో దణ్ణం పెడతాడు, పాఠకుడి మనసు తేలికవుతుంది. మనసు తేలికైతే ప్రశ్న పోతుంది.

దీనికి మందు నినాదం కాదు, వివరం. పొట్లం అందుకున్న మనిషికి ఎన్ని రోజుల కూలి బాకీ ఉంది? బండిలో అన్నం తెచ్చిన డ్రైవరు ఆ బండికి ఎన్ని కంతులు తప్పాడు? సంచులు కుట్టిన తల్లి మిషను అమ్ముకుందా? పంచిన యువకుడు ఆ తర్వాత ఏమయ్యాడు, ప్రశ్న అడిగేవాడయ్యాడా, లేక ఫొటో చూసుకుని తృప్తిపడ్డాడా? ఈ వివరాలు తెలిసిన రచయిత సేవను తక్కువచేసి రాయలేడు, దాన్ని పొగిడి ఊరుకోనూ లేడు.

పెద్ద గోల్కొండ దగ్గర ఆ రాత్రి చనిపోయినవాళ్ళకు కావలసింది ఇంటికి పోవడానికి ఒక బస్సు. బస్సులు డిపోల్లో ఉన్నాయి, డ్రైవర్లు ఇళ్ళలో ఉన్నారు. సేవకుడి మంచితనం ఎంత గొప్పదైనా ఆ డిపో తాళం అతని దగ్గర లేదు. అది ఎవరి దగ్గర ఉన్నదో చెప్పే కథ మనం ఇంకా రాయవలసే ఉంది.