కంప్యూటరు పటములో పొర కనబడనప్పుడు

కర్నూలు, కడప మెట్ట ప్రాంతములలో నీటికుంట ఎక్కడ త్రవ్వవలెను, చెక్‌డ్యాము ఏ వంకపై కట్టవలెను అను విషయములను నేడు పలుచోట్ల కంప్యూటరు పటము చూచి నిర్ణయించుచున్నారు. ఒక బావి గాని, ఒక రైతు పొలము గాని ఆ పటములో కనబడకున్నను, ప్రక్క పొలముపై కనబడినను పని తప్పుచోటికి పోవును. కనుక పటములో వచ్చు చిక్కులను గుర్తించుట గ్రామోద్యోగులకే గాక చదువుకొనిన రైతు సోదరులకును అవసరము.

పొర అనగా నేమి?

పూర్వము గ్రామపటముపై పలుచని ట్రేసింగు కాగితములు పరచి, ఒకదానిపై వంకలు, మరియొకదానిపై బావులు గీసెడివారు. క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో 'లేయరు' అనునది అట్టి కాగితమే. అయితే కాగితమును మనము చేతితో సరిచేసి పరచెదము. కంప్యూటరు మాత్రము పొరలోని అంకెలను బట్టియు, అవి ఏ కొలత పద్ధతివో తెలుపు చీటీని బట్టియు పరచును. ఈ చీటీనే సి.ఆర్.ఎస్. అందురు.

పొర అసలే కనబడనిచో

ఈ క్రింది వరుసలో పరీక్షింపవలెను.

1. జాబితాలో ఆ పొరకును, అది చేరిన గ్రూపునకును టిక్కు ఉన్నదా?

2. పై పొర దానిని కప్పివేసినదా? ఉపగ్రహ చిత్రమును అడుగునకు దించి, దానిపై పొలముల హద్దులు, అన్నిటికన్న పైన బావుల చుక్కలు ఉంచవలెను.

3. 'జూమ్ టు లేయర్' నొక్కినచో పొర ఎక్కడనున్నదో తెలియును.

4. స్కేలు కట్టడి గాని, ఫిల్టరు గాని పెట్టియున్నారా?

5. పంట పేరును బట్టి రంగులు వేసినపుడు ఒకరు 'వేరుశనగ' అనియు, మరియొకరు 'వేరుశెనగ' అనియు వ్రాసియుందురు. జాబితాలో లేని పేరుగల పొలములు గీయబడక మాయమగును.

6. షేప్‌ఫైలు అనునది ఒక్క ఫైలు కాదు. ఎస్‌హెచ్‌పి, ఎస్‌హెచ్‌ఎక్స్, డీబీఎఫ్, పీఆర్‌జే ఫైళ్లను కలిపియే నకలు తీయవలెను. పీఆర్‌జే లేనిచో చీటీ పోయినట్లే; పొర పేరు ప్రక్క ప్రశ్నగుర్తు కనబడును.

పొర దూరమునకు పోయినచో

కర్నూలు సుమారు 15.8 డిగ్రీల ఉత్తర అక్షాంశము, 78 డిగ్రీల తూర్పు రేఖాంశముపై నున్నది. ఈ రెండంకెలు తారుమారైనచో మన బావులు ఉత్తరధ్రువము చెంత, నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవులలో కనబడును!

మీటర్ల కొలతలోనున్న యు.టి.యం. పద్ధతిలో మన ప్రాంతమునకు మరియొక చిక్కు కలదు. 43వ జోను ముగిసి 44వ జోను మొదలగు 78 డిగ్రీల రేఖ కర్నూలు పట్టణమునకు కొద్ది పడమరగా పోవుచున్నది. ఆదోని, ఆలూరు, పత్తికొండ 43లోను, నంద్యాల, ప్రొద్దుటూరు, కడప 44లోను ఉన్నవి. 43వ జోను అంకెలకు 44వ జోను చీటీ తగిలించినచో ఆదోని పొలము దాదాపు 640 కిలోమీటర్లు తూర్పునకు పోయి బంగాళాఖాతములో తేలును. అట్టియెడ సరియైన చీటీ తగిలించిన చాలును. 43కు 32643, 44కు 32644 అను సంఖ్యలు వాడుదురు. చీటీలు సరిగానున్న రెండు జోన్ల పొరలను సాఫ్ట్‌వేరే కలిపి చూపును. చీటీ సరిగానుండి జోను మార్చదలచినపుడు మాత్రము 'రీప్రొజెక్ట్' చేసి క్రొత్త పొరగా దాచవలెను. చీటీ మార్చుట వేరు, అంకెలు మార్చుట వేరు.

పొర కొంచెము జరిగినచో

అన్నిటికన్న ప్రమాదకరమైనది ఇదియే. చూపునకు సరిగానే తోచును. పాత సర్వే పటములు ఎవరెస్టు కొలతపై గీయబడినవి. నేటి జి.పి.యస్. కొలత డబ్ల్యూ.జి.యస్. 84. ఈ భేదమును లెక్కింపకున్న పొర వంద మీటర్లకు పైగా జరుగును. చదరపు ఎకరము ప్రక్క కొలత సుమారు 64 మీటర్లే గదా! రామయ్య కుంట సోమయ్య పొలములో పడుటకు ఇంతకన్న ఏమి కావలెను?

ఇట్టిచోట పొరను మౌసుతో పట్టి లాగి సరిపెట్టరాదు. ఒక మూల కుదిరిన వేరొక మూల తప్పును. మూలమైన అంకెలును చెడిపోవును. ముందుగా నకలు దాచుకొని చీటీని సరిచూడవలెను.

ఊరిలో సరిచూచుట

మూడూళ్ల పొలిమేర రాయి, చెరువు తూము, రోడ్ల కూడలి వంటి మూడు గుర్తులను ఎంచి, అక్కడకు పోయి, జి.పి.యస్. అంకెలను పటముతో పోల్చవలెను. ఫోనులోని జి.పి.యస్. కొన్ని మీటర్లు తప్పవచ్చును. కాబట్టి పొర జరిగినదా లేదా తెలిసికొనుటకే అది పనికివచ్చును. హద్దు తగవు తీర్చుటకు సర్వేయరు కొలతయే కావలెను.

పటములో లేనంత మాత్రమున ఊరిలో లేదనుకొనరాదు. పనుల జాబితాపై సంతకము చేయుటకు ముందు పటమును గ్రామములో పరచి, రైతులకు చూపి, ఎవరి పొలము ఎక్కడనున్నదో వారినే అడుగుట మేలు. తమ పొలము కనబడని రైతు అక్కడనే చెప్పవలెను. కుంట త్రవ్విన పిదప చెప్పిన ఫలముండదు.