ఆల్బములలోని వెండి నాణెములు - వాని వన్నె

వెండి చెడని లోహమని జనసామాన్యము తలంచును. కాని పెట్టెలో భద్రపరచిన వెండి రూపాయిని ఏండ్లు గడచిన పిదప తీసి చూచినచో అది మునుపటివలె తెల్లగా నుండదు. అట్ట ఆల్బములో నుంచిన నాణెము మరింత విచిత్రముగా కనబడును. నడుమ తెలుపు, దాని చుట్టును పసిడిచాయ, ఆవల ఎరుపు, అంచున నీలము వలయములుగా తీరియుండును. కొందరు దీనిని మకిలి యని తోమివేయుదురు. కొందరు అందమని అధికమూల్య మిచ్చి కొందురు. ఈ వన్నె యెట్లు పుట్టినదో తెలిసినగాని దాని నుంచవలెనో తీయవలెనో నిర్ణయింప వీలుకాదు.

సామాన్యమైన ఉష్ణోగ్రతలో పొడిగాలి యందలి ప్రాణవాయువు తానొక్కటియే వెండిని మార్చజాలదు. వెండికి విరోధి గంధకము. మురుగునీటినుండియు, చిత్తడినేలలనుండియు, కుళ్లిన గ్రుడ్డునుండియు వెలువడు హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వెండిని సోకినపుడు సిల్వర్ సల్ఫైడు అను నల్లని పదార్థ మేర్పడును. నూరుకోట్ల పాళ్ల గాలిలో ఆ వాయువు ఒక్క పాలున్నను కాలక్రమమున ఈ మార్పు జరుగును. గాలిలో తేమ యెక్కువైనకొలది అది త్వరపడును.

పదార్థము నల్లనిదైనచో నాణెముపై ఇన్ని రంగు లేల? పొర మిక్కిలి పలుచనిదగుటయే కారణము. మొదట దాని మందము కొన్ని పదుల నానోమీటర్లకు మించదు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షల వంతు. పొర పైభాగమునుండి తిరిగివచ్చు వెలుగును, క్రింది వెండినుండి తిరిగివచ్చు వెలుగును ఒకదానితో నొకటి కలిసి కొన్ని రంగులు బలపడును, కొన్ని అణగిపోవును. సబ్బుబుడగపై రంగులు తోచుట కిదియే హేతువు. పొర పలుచగా నున్నపుడు పసిడిచాయ, మందమైనకొలది ఎరుపు, ఊదా, నీలము వరుసగా వచ్చును. చాల మందమైన పిదప రంగులు నశించి నలుపే మిగులును.

ఇప్పుడు ఆల్బములోని వలయముల మర్మము సులభముగా తెలియును. అమెరికాలో 1930 దశకమునాడు వేట్ రేమండ్ అను నాణెముల వర్తకుడు ప్రచారమునకు తెచ్చిన ఆల్బములు ఇందులకు ప్రసిద్ధమైన ఉదాహరణము. మందపాటి అట్టకు గుండ్రని రంధ్రములు చేసి, వానిలో నాణెముల నమర్చి, ఇరువైపుల పారదర్శకమైన పట్టీలు జొనిపెడివారు. కాగితపు గుజ్జును గంధక సమ్మేళనములతో ఉడికించు పద్ధతులు కలవు. అట్టి గంధకపు శేషము అట్టలో నిలిచిపోవును. రంధ్రపు అంచు నాణెపు అంచును తాకియుండును గావున గంధకము మొదట అచ్చటనే పనిచేయును. నడిమి భాగమును చేరుట కడపట. అందుచేత అంచున పొర మందము, నడుమ పలుచన. నీలమునుండి తెలుపువరకు గల వలయములు ఆ మందముల క్రమమే. గంధకముతోను వేడితోను హఠాత్తుగా పుట్టించిన కృత్రిమపు వన్నెలో ఈ క్రమము పెక్కుసారులు తప్పియుండును.

లోహపు కూర్పు కూడ వన్నెను మార్చును. 1835లో ఈస్టిండియా కంపెనీ ప్రవేశపెట్టిన ఏకరూపపు రూపాయి 180 గ్రెయినులు, అనగా ఒక తులము తూగును. అందు 12 పాళ్లకు 11 పాళ్లు వెండి. 20వ శతాబ్ది తొలి దశకముల నాటి చార్మినారు బొమ్మగల హాలీసిక్కా రూపాయిలో వెండి నూటికి 81.8 పాళ్లు. 1940లో బ్రిటిషిండియా రూపాయిలోని వెండి సగమునకు తగ్గింపబడి, రాగి 40 పాళ్లు, నికెలు 5, తుత్తునాగము 5 పాళ్లు చేర్చబడెను. రాగియు గంధకముతో కలియును గావున అట్టి నాణెముల వన్నె మాసినట్లు తోచుట కలదు.

బీదరు, రాయచూరు, కలబురగి సీమలును మరాఠ్వాడాయు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనివి. గంజాము సీమలో అధికభాగము 1936లో ఒడిశాలో చేరినది. యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. ఈ తావులలో తరతరములుగా వసించు తెలుగు కుటుంబముల పెట్టెలలో పూర్వుల రూపాయలు మిగిలియున్నచో, ఏ పాలకుల నాణెములు, ఏ యేటివి, ఏ టంకసాలవి యను విషయము ఆ కుటుంబముల చరిత్రకు ఒక ఆధారము కాగలదు. ఆ యాధారము నాణెముపై నున్న సన్నని అక్షరములలోను, చిన్న గుర్తులలోను నిలిచియున్నది.

పండుగనాడు చింతపండుతోను బూడిదతోను తోముటవలన మొదట అరిగిపోవునవి ఆ గుర్తులే. వన్నె నాణెముపై వచ్చి పడిన మకిలి కాదు. నాణెపు వెండియే రూపుమారి ఆ పొరయైనది. నూరు పాళ్ల సిల్వర్ సల్ఫైడునందు 87 పాళ్లు వెండియే. పొరను తీయుట యనగా నాణెమును కొంత తీయుటయే. రసాయనద్రవములో ముంచినను ఇదే ఫలితము. ముద్ర దెబ్బకు లోహము వెలుపలికి ప్రాకుటచే నేర్పడిన సూక్ష్మరేఖలు కరగి, టంకసాల నాటి మెరుగు పోవును. అది మరల రాదు.

కావున కర్తవ్యము తోముట కాదు, భద్రపరచుట. నాణెమును అంచు పట్టియే యెత్తవలెను. గంధకము గల అట్టలు, రబ్బరు పట్టీలు, ఉన్నిబట్టలు, వార్తాపత్రికలు దానికి దూరముగా నుండవలెను. పి.వి.సి. సంచులు కాలక్రమమున ఆమ్లమును విడిచి నాణెములోని రాగిని పచ్చని జిగటగా మార్చును. పాలీఎస్టరు, పాలీప్రొపిలీను సంచులు మేలు. పొడిచోటు మిక్కిలి మేలు. ఇదివరకే వన్నె తిరిగిన నాణెమును అట్లే యుంచి, నలుపు ముదురకుండ కాపాడినచో, ఏండ్ల తరబడి అది యున్న స్థలపు గాలిని గూర్చియు, దానిని దాచిన విధమును గూర్చియు ఆ వన్నెయే సాక్ష్య మిచ్చుచుండును.