పాత రిమోట్‌కు కొత్త కొలువు

మా ఇందుకూరుపేటలో ఏ ఇంటి అల్మారా తీసినా దిక్కులేని రిమోట్ ఒకటైనా దొరుకుతుంది. టీవీ ఎప్పుడో పాత సామాన్ల బండెక్కింది, రిమోట్ మిగిలిపోయింది. దాన్ని పారేయకండి. రాస్ప్‌బెర్రీ పై లాంటి అరచేతి కంప్యూటర్‌కు అది చక్కని మీటల పలక అవుతుంది.

ముందు దానిలో ప్రాణముందో లేదో చూడాలి. సెల్‌ఫోన్‌లో సెల్ఫీ కెమెరా తెరిచి, రిమోట్ మూతి అటు తిప్పి బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో తెర మీద ఊదారంగు వెలుగు మినుకుమంటుంది. అది సాధారణంగా 940 నానోమీటర్ల పరారుణ కాంతి. మన చూపు 700 దాటగానే మందగిస్తుంది. ఈ కాంతిని మొదట పట్టిచ్చింది కూడా కన్ను కాదు, థర్మామీటరు. 1800లో ఖగోళ శాస్త్రవేత్త విలియం హెర్షెల్ పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, ఎరుపు అవతల ఏమీ కనిపించని చోట థర్మామీటరు ఉంచితే పాదరసం ఇంకా పైకెక్కింది. 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇన్‌శాట్-3డీఎస్ ఉపగ్రహం రాత్రివేళ కూడా మా మైపాడు తీరం మీది మబ్బుల్ని చూడగలిగేది ఈ పరారుణంతోనే.

అయితే ఎండలోనూ ఇవే కిరణాలున్నాయి. రిమోట్ మాటను టీవీ ఎలా గుర్తుపడుతుంది? 1955లో జెనిత్ కంపెనీ తెచ్చిన ఫ్లాష్‌మాటిక్ రిమోట్ మామూలు వెలుతురుతో పనిచేసేది. టీవీ మీద ఎండ పడితే ఛానళ్లు వాటంతటవే మారేవట! ఇప్పటి రిమోట్లు ఆ చిక్కును విడదీశాయి: చాలావాటిలో వెలుగు సెకనుకు 38 వేలసార్లు వెలిగి ఆరుతుంది, రిసీవర్ ఆ లయనే పట్టుకుంటుంది. ఆ 38 ఎక్కడిదో తెలుసా? ఎన్నో రిమోట్లలో 455 కిలోహెర్ట్జ్ రెజొనేటర్ ఉంటుంది. దాన్ని 12తో భాగిస్తే వచ్చేది దాదాపు 38. పాత రేడియో మెకానిక్కులకు 455 బాగా తెలిసిన అంకె, చాలా ఏఎం రేడియోల్లో ఐఎఫ్ (మధ్యంతర పౌనఃపున్యం) అదే.

రిమోట్లు సంకేతాలు పంపే పద్ధతుల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటగొలిపేది ఎన్ఈసీ పద్ధతి. ముందు 9 మిల్లీసెకన్ల పిలుపు, తర్వాత నాలుగున్నర మిల్లీసెకన్ల మౌనం, ఆ పైన 32 బిట్లు. ఏ పరికరానికో చెప్పి, వెంటనే దాన్నే తిరగేసి చెబుతుంది. ఏ బటనో చెప్పి, దాన్నీ తిరగేస్తుంది. రెండూ పొసగకపోతే రిసీవర్ ఆ మాటను వదిలేస్తుంది. ఇదంతా సుమారు 67 మిల్లీసెకన్లలో ముగుస్తుంది.

ఈ మాటను మన రాస్ప్‌బెర్రీ పై వినడానికి మూడు కాళ్ల చిన్న రిసీవర్ చాలు. ఇక్కడే జాగ్రత్త కావాలి. టీఎస్ఓపీ1738 అనే రిసీవర్‌కు 5 వోల్టులు కావాలి, దాని అవుట్‌పుట్ కూడా అంతవరకూ లేస్తుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్నులు 3.3 వోల్టులకు మించి తట్టుకోలేవు. టీఎస్ఓపీ38238 అడగండి, 3.3తో హాయిగా నడుస్తుంది. దాని బుడిపె మీవైపు ఉంటే ఎడమ నుంచి అవుట్‌పుట్, గ్రౌండ్, వోల్టేజి; 1738లో వరుస వేరు. పై మీద వోల్టేజికి 1వ పిన్ను, గ్రౌండ్‌కు 6, అవుట్‌పుట్‌కు 12 సరిపోతాయి. కాన్ఫిగ్ ఫైల్లో జీపీఐఓ-ఐఆర్ ఓవర్లే చేర్చి, రీబూట్ చేసి, ఐఆర్-కీటేబుల్‌లో ప్రోటోకాల్స్ అన్నీ ఆన్ చేసి పరీక్ష నడిపితే నొక్కిన ప్రతి బటన్ సంకేతమూ తెర మీద పడుతుంది. మొదటి అంకె కనబడ్డ క్షణం ఎవరికైనా మొహం వెలిగిపోతుంది!

పై చేత మాట్లాడించాలన్నా వీలుంది, పరారుణ ఎల్‌ఈడీని మాత్రం ట్రాన్సిస్టర్ మీదుగా కలపాలి. టీవీ రిమోట్ 'సౌండ్ పెంచు' అని ఊరుకుంటుంది. ఏసీ రిమోట్లు చాలావరకు ప్రతి నొక్కుకూ డిగ్రీలు, ఫ్యాను, మోడ్ మొత్తం పంపుతాయి. అందుకే 24కు ఒకటి, 25కు ఇంకొకటి విడివిడిగా నేర్పాలి.

మన తీరంలో గాలికీ ఉప్పే. జంపర్ వైర్లు బ్రెడ్‌బోర్డులో గుచ్చి వదిలేస్తే పిన్నులకు చిలుము పడుతుంది, టంకం వేసి డబ్బాలో పెట్టండి. రిసీవర్ ముఖం కిటికీ ఎండకు చూపించకండి.

రిమోట్‌లోని ఎర్ర బటన్‌కు షట్‌డౌన్ అప్పగించండి. గాలివాన పూట కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డులో ఫైళ్లు పాడవ్వచ్చు, మబ్బు పట్టగానే ఒక నొక్కుతో ఆపేయొచ్చు. మళ్లీ లేపడం మాత్రం రిమోట్ వల్ల కాదు, పడుకున్న పైలో వినే ప్రోగ్రామూ పడుకుంటుంది. పవర్ బటన్ లేని మోడళ్లలో ప్లగ్ తీసి మళ్లీ పెట్టాలి.