‘మీ కుటుంబంలో ఎంతమంది?’: తెలుగు సర్వే ప్రశ్నావళుల పూర్వపరీక్ష

వ్యాససంగ్రహం: ప్రశ్నావళిని క్షేత్రానికి తీసుకువెళ్ళేముందు జరిపే పూర్వపరీక్ష మన సిద్ధాంతగ్రంథాలలో తరచుగా ఒక వాక్యంతో ముగిసిపోతున్నది. సమాధానాల మధ్య పొందికను లెక్కించడం వేరు, ప్రశ్న ఎదుటివారికి ఎలా అర్థమవుతున్నదో తెలుసుకోవడం వేరు. ‘కుటుంబం’ అనే ఒక్క పదాన్ని ఆధారం చేసుకొని, నల్లగండ్ల పరిసరాలను ఉదాహరణగా తీసుకొని ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: ప్రశ్నావళి, పూర్వపరీక్ష, అవగాహన పరీక్ష, కుటుంబం, సమగ్ర కుటుంబ సర్వే, నల్లగండ్ల.

ఉపోద్ఘాతం

“ప్రశ్నావళిని 30 మందిపై పరీక్షించగా క్రోన్‌బాక్ ఆల్ఫా విలువ 0.7 కన్నా ఎక్కువ వచ్చినందున దానిని యథాతథంగా వినియోగించడమైనది.” అంకెలు మారుతూ ఇటువంటి వాక్యం పరిశోధనా విధానాన్ని వివరించే అధ్యాయాలలో తరచుగా ఎదురవుతుంది. ఒకే మాపనంలోని అంశాలకు వచ్చిన సమాధానాలు పరస్పరం ఎంతవరకు పొసగుతున్నాయో ఆల్ఫా చెబుతుంది. అందరూ ఒకే విధంగా పొరపాటుపడినా ఆ విలువ ఎక్కువగానే రావచ్చు. ‘యథాతథంగా’ అన్న మాటే నాకు అనుమానం కలిగిస్తుంది. ఒక్క పదాన్నీ మార్చని పూర్వపరీక్షలో పరీక్షకు గురైనది ఏమిటి?

ఒకే ప్రశ్న, అనేక లెక్కలు

నల్లగండ్ల శేరిలింగంపల్లి మండలంలో, హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణానికి చేరువలో ఉంది. పాత ఊరు, చెరువు, బహుళ అంతస్తుల నివాస సముదాయాలు, భవన నిర్మాణ కూలీల రేకుల షెడ్లు అక్కడ కొద్దిదూరంలోనే ఉంటాయి. తలసరి ఆదాయాన్ని అంచనా వేయదలచిన పరిశోధకుడొకరు అక్కడ “మీ కుటుంబంలో ఎంతమంది?” అని అడిగారనుకుందాం. గుంటూరులో ఉన్న తల్లిదండ్రులను కలుపుకొని ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని ‘ఐదుగురం’ అనవచ్చు. నలుగురు స్నేహితులు అద్దెకుంటున్న ఫ్లాటులో ‘మా కుటుంబాలు ఊళ్ళో ఉన్నాయి’ అన్న జవాబు రావచ్చు. పాలమూరు నుంచి వచ్చిన మేస్త్రీ ఊరిలో అత్త దగ్గర వదిలివచ్చిన పిల్లలను లెక్కలో చేరుస్తాడు. ఇంట్లోనే ఉండి పనిచేసే వంటమనిషిని ఎవరూ చేర్చకపోవచ్చు. పాత ఊరిలో ఒకే ప్రహరీలోని అన్నదమ్ములు ‘అందరం కలిసే ఉన్నం’ అంటారు, కాని పొయ్యిలు వేరు. వీరిలో ఎవరూ తప్పు చెప్పలేదు. ఆదాయాన్ని ఏ సంఖ్యతో భాగించాలో మాత్రం పరిశోధకునికి తెలియకుండా పోయింది.

జనగణనలో ఈ లెక్కకు ప్రమాణం ఉమ్మడి వంట. సాధారణంగా కలిసి నివసిస్తూ ఒకే వంటశాలలో భోజనం చేసేవారు ఒక యూనిట్. ఆంగ్ల పారిభాషిక పదానికి మనం ‘కుటుంబం’ అని పేరు పెట్టుకున్నాం. తెలుగు వ్యవహారంలో ఆ మాట రక్తసంబంధాన్ని, బాధ్యతను సూచిస్తుంది గాని పొయ్యిని కాదు. రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో ప్రతిపాదించిన పునరనువాద పద్ధతి ఈ లోపాన్ని పట్టుకోలేదు. రెండు భాషలూ తెలిసిన అనువాదకుడు ‘కుటుంబం’ను తిరిగి అదే ఆంగ్ల పదంగా మార్చివేస్తాడు. కాగితం మీద అంతా సరిపోతుంది.

ప్రశ్న వెనుక ప్రయోజనం

తెలంగాణ ప్రభుత్వం 2014 ఆగస్టు 19న ఒకే రోజులో జరిపిన సమగ్ర కుటుంబ సర్వే ఈ సందర్భంలో గుర్తుకు రావాలి. సర్వేకు ముందు హైదరాబాదు నుంచి జనం పెద్దఎత్తున సొంత ఊళ్ళకు తరలివెళ్ళారు. బస్సులు, రైళ్ళు కిక్కిరిశాయి. ఆ రోజు నగర వీధులు నిర్మానుష్యంగా కనిపించాయి. పేరు ఎక్కడ నమోదు కాకపోతే అక్కడ రేషను, పింఛను పోతాయన్న భయం దీనికొక ముఖ్యకారణం. ‘మీరు ఎక్కడ ఉంటారు?’ అన్న ప్రశ్న ‘మీ హక్కు ఎక్కడ ఉంది?’ అని వినిపించింది. దీనిని అపార్థమనడం నాకు సమ్మతం కాదు, ప్రజలు ప్రశ్న ప్రయోజనాన్ని చదివారు. 2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి కులసర్వేలో ప్రశ్నలు 75. 96.9 శాతం కుటుంబాల వివరాలు నమోదైనట్లు ప్రభుత్వం ప్రకటించి, మిగిలినవారికోసం 2025 ఫిబ్రవరి 16 నుంచి 28 వరకు మరొక అవకాశం ఇచ్చింది. ఆస్తులు, అప్పుల గురించిన ప్రశ్నలపై అప్పట్లో అభ్యంతరాలు వినవచ్చాయి.

అవగాహన పరీక్ష

సమాధానం చెప్పడంలో నాలుగు దశలున్నాయని రోజర్ టూరాంజో 1984లో వివరించారు. ప్రశ్నను అర్థం చేసుకోవడం, విషయాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవడం, తూచి నిర్ణయించుకోవడం, చివరకు జవాబుగా చెప్పడం. ఏ దశలో తడబాటు వచ్చిందో అంకెల పట్టికలో కనిపించదు, మనిషిని అడగాలి. “ప్రశ్న అర్థమైందా?” అని మాత్రం అడగరాదు. మన దగ్గర ఆ ప్రశ్నకు ‘అయింది’ అన్నదే మర్యాదైన సమాధానం. “ఐదుగురు అన్నరు గదా, ఎవరెవర్ని లెక్కవెట్టిన్రు?” అని అడిగితే లోపల జరిగిన లెక్క బయటపడుతుంది. ఒక్కొక్క విడతకు ఎనిమిది, పది మంది చాలు. అయితే వారు వేర్వేరు జీవన స్థితులకు చెందినవారై ఉండాలి. విశ్వవిద్యాలయ విద్యార్థులపై పరీక్షించిన ప్రశ్నావళి పక్కనే ఉన్న రేకుల షెడ్డులో పనికివస్తుందన్న హామీ లేదు. ఆ షెడ్లలో హిందీ, ఒడియా మాట్లాడేవారుంటే వారి భాషలోనూ పరీక్ష జరగాలి.

పై ప్రశ్ననే సవరించి చూద్దాం. “ఒకే పొయ్యి మీద వండుకొని తినేవారు ఎందరు?” అంటే పాత ఊరి అన్నదమ్ముల చిక్కు తీరుతుంది. కాని రోజూ హోటలు నుంచి తెప్పించుకొని తినే ఫ్లాటులో పొయ్యి వెలగదు. “గత నెలలో ఎక్కువ రాత్రులు ఈ ఇంట్లో పడుకున్నవారు?” అంటే రాత్రి పాళీలో పనిచేసే ఐటీ ఉద్యోగి, కాపలాదారు ఇద్దరూ నవ్వుతారు. ముందుగా పేర్లు రాయించుకొని, ఒక్కొక్కరి గురించి ‘గత నెలలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉన్నారా?’, ‘ఖర్చు కలిపే పెట్టుకుంటారా?’ అని విడివిడిగా అడిగి, సంఖ్యను పరిశోధకుడే లెక్కించుకోవడం మేలు. ఈ రూపాన్నీ మరొక విడత పరీక్షించాలి.

మాటను మార్చితే లెక్క మారుతుందని జనగణనకు తెలుసు. ఇంట్లో కుట్టుపని చేస్తూ, గేదెలను చూసుకునే స్త్రీ గురించి ‘ఏం పని చెయ్యదు, ఇంట్లనే ఉంటది’ అని చెప్పే అలవాటు మనకుంది. అందువల్లనే 1991 జనగణనలో పని గురించిన ప్రశ్నకు ‘పొలంలో లేదా కుటుంబ వ్యాపారంలో జీతం లేకుండా చేసే పనితో సహా’ అన్న భావాన్ని చేర్చారు.

మాటలే కాదు, కాగితం మీద గడుల అమరిక కూడా జవాబును మారుస్తుంది. జాతీయ నమూనా సర్వే 51 నుంచి 54 వరకు విడతలలో ఆహార వ్యయాన్ని కొన్ని ఇళ్ళలో గత 7 రోజులకు, వేరే ఇళ్ళలో గత 30 రోజులకు అడిగింది. 7 రోజుల పద్ధతిలో వినియోగం ఎక్కువగా, పేదరికం తక్కువగా తేలింది. 1999-2000లో జరిగిన 55వ విడతలో రెండు గడులనూ పక్కపక్కన ఉంచి ఒకే ఇంట్లో అడిగారు. ఒక గడిలోని సంఖ్య పక్క గడిలోని సంఖ్యను తనవైపు లాక్కుంది. ఆ విడత పేదరికపు అంచనాలను పాత విడతలతో ఎలా పోల్చాలన్న వివాదం అర్థశాస్త్రజ్ఞుల మధ్య ఏళ్ళపాటు నడిచింది.

అవగాహన పరీక్ష తరువాత ముఖాముఖిని, అనుమతితో, ధ్వనిముద్రణ చేసి వినడం మరొక మెట్టు. ప్రశ్నను అడిగేవారు మార్చి చదివిన సందర్భాలు, వినేవారు వివరణ కోరిన సందర్భాలు విడివిడిగా లెక్కించాలి. ఏదైనా ఒక రకపు చిక్కు 15 శాతం మించిన ముఖాముఖిలలో కనిపిస్తే ఆ ప్రశ్నను తిరిగి రాయాలన్నది స్థూలమైన వాడుక.

సిద్ధాంతగ్రంథం అనుబంధంలో తుది ప్రశ్నావళితో పాటు మొదటి రూపాన్ని, మధ్యలో మారిన రూపాలను, ఏ జవాబు విని ఏ పదాన్ని మార్చారో ఆ వివరాన్ని జతచేయవచ్చు. పరీక్షకునికి ఆల్ఫా కన్నా అది ఎక్కువ చెబుతుంది. నల్లగండ్ల ఉదాహరణలో ‘ఎంతమంది’ అన్న ఒక్క గడి స్థానంలో పేర్ల పట్టిక వచ్చింది. దానిని నింపడానికి అదనపు సమయం పడుతుంది కాబట్టి, ప్రశ్నావళిలోంచి మరేదో ఒక ప్రశ్నను తొలగించవలసి ఉంటుంది.