కోయకుండా చూసే కన్ను

"ఆ ముక్కుపుడక కూడా తియ్యాలమ్మా" అంది స్కానింగ్ గదిలో అమ్మాయి. చెవిదిద్దులు, తలపిన్నులు అప్పటికే నా కొంగులో మూటకట్టుకున్నాను. మా అత్తయ్య ముక్కుపుడక మాత్రం ముప్పై ఏళ్ళుగా మర బిగుసుకుపోయి ఉంది. లోహం ఉంటే ఫోటోలో తెల్లటి గీతలు పడతాయట. రెండుసార్లు ప్రయత్నించి, "సర్లెండి, టైము లేదు" అని ఆవిణ్ణి అలాగే లోపలికి తోశారు.

ఆ పొద్దున కాఫీ గ్లాసు ఆవిడ చేతిలోంచి జారిపోయింది. మూతి ఓ పక్కకి లాగేసింది. మాట ముద్దగా వచ్చింది. పక్కింటావిడ వాతమని నూనె మర్దనా చెయ్యమంది. ఎదురింటాయన ఆస్పిరిన్ బిళ్ళ మింగించమన్నాడు. ఈ సలహాలతోనే ముప్పావుగంట పోయింది. అదృష్టం, బిళ్ళ మాత్రం వెయ్యలేదు.

ఎందుకంటే పక్షవాతం రెండు రకాలు. మెదడుకెళ్ళే రక్తనాళంలో గడ్డ అడ్డుపడటం ఒకటి, నాళం చిట్లి రక్తం కారటం ఇంకోటి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. మొదటిదానికి గడ్డని కరిగించే ఇంజెక్షను నాలుగున్నర గంటల్లోపు పడాలి. రెండోదానికి అదే ఇంజెక్షను ఇస్తే ప్రాణం మీదికొస్తుంది. ఈ తేడా చెప్పేది సి.టి. స్కానే. తాజా రక్తం అందులో తెల్లగా కనిపిస్తుంది.

రిపోర్టు రాగానే మా మరిది, "ఏమీ లేదట వదినా, ఇంటికెళ్దాం" అన్నాడు. డాక్టరుగారు ఆపేశారు. "రక్తం లేదు. మాకు కావాల్సింది అదే" అన్నారు. గడ్డవల్ల వచ్చిన పక్షవాతం మొదటి గంటల్లో స్కాన్‌లో కనబడకపోవచ్చట! ఈ ముక్క మీరూ గుర్తుపెట్టుకోండి. వెంటనే ఇంజెక్షను ఇచ్చారు. ఇప్పుడు అత్తయ్యకి కుడిచెయ్యి కాస్త పట్టు తక్కువే గానీ, నా వంటకి వంకలు పెట్టేటంత స్పష్టంగా మాట వచ్చేసింది.

అరటిదూటని చక్రాలుగా తరిగినట్టు, తలని కోయకుండానే పొరలు పొరలుగా చూపించే ఈ యంత్రాన్ని తయారుచేసింది గ్రామఫోను రికార్డుల కంపెనీ ఇ.ఎం.ఐ.లో పనిచేసిన ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. 1971 అక్టోబరు 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొట్టమొదట స్కాన్ చేసింది ఒక స్త్రీకే. మెదడులో కణితి ఉందేమోనని అనుమానం. 1979లో ఆయనకి, అలన్ కార్మాక్‌కి కలిపి నోబెల్ ఇచ్చారు. అలాగని ప్రతి తలనొప్పికీ స్కాన్ చెయ్యమని డాక్టర్ని వేధించకండి. తలకి ఒక్కసారి తీసే స్కాన్, రేడియేషన్ లెక్కలో ఎన్నో ఛాతీ ఎక్స్‌రేలతో సమానం. గర్భవతులైతే ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇదే యంత్రం చనిపోయినవాళ్ళ గురించి కూడా చెబుతుందని తెలిసినప్పుడు నాకు మా పిన్ని గుర్తొచ్చింది. 2016లో పిన్ని కూతురు స్కూటరు ప్రమాదంలో పోయింది. మార్చురీ ముందు పిన్ని, "నా తల్లిని కొయ్యొద్దు బాబూ" అంటూ కానిస్టేబుల్ కాళ్ళు పట్టుకుంది. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

స్విట్జర్లాండ్‌లోని బెర్న్ విశ్వవిద్యాలయం రెండు దశాబ్దాల పైనుంచే 'వర్టాప్సీ' పేరుతో శవాన్ని స్కాన్ చేసి పరీక్షిస్తోంది. మన ఢిల్లీ ఎయిమ్స్‌లో 2021లో మొదలైంది. విరిగిన ఎముకలు, లోపల కారిన రక్తం, తూటా ఎక్కడ ఆగిందీ తెలుస్తాయి. గొంతు నులిమినప్పుడు విరిగే అవకాశమున్న, గుర్రపునాడాలాంటి మెడ ఎముకనీ చూడొచ్చు. దహనం అయిపోయాక కూడా ఆ చిత్రాలుంటాయి. ఇంకో డాక్టరు మళ్ళీ చూడొచ్చు.

కానీ విషాన్ని స్కాన్ పట్టుకోలేదు. చర్మం కమిలిన రంగు చెప్పలేదు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు అనుమానాస్పదంగా పోయిన అమ్మాయికి స్కాన్ ఒక్కటి చాలని ఎవరైనా అంటే మాత్రం నేను ఒప్పుకోను. అక్కడ కత్తి పట్టాల్సిందే, లోపలి అవయవాల ముక్కలు లాబొరేటరీకి పంపాల్సిందే.

ఇదంతా పిన్నికి చెప్పాలా వద్దా అని చాలారోజులు ఊగిసలాడి, పోయిన నెల చెప్పాను. విని, కాసేపు ఊరుకుంది.

"దాని జడ విప్పేశారే" అంది. "ఆ పొద్దున నేనే వేశాను."