1980 సినిమాకు 1979 అవార్డు

నెల్లూరు దగ్గరి మైపాడు బీచ్‌లో ఆదివారం సాయంత్రం నలుగురు మిత్రులు కూర్చుంటే మాటలు ఎటు తిరిగినా చివరికి సినిమా దగ్గరికే వస్తాయి. మార్చిలో ఆస్కార్, తర్వాత ఎప్పుడు ప్రకటిస్తే అప్పుడు జాతీయ అవార్డులు. "ఏందబయా, దానికెట్టా ఇచ్చారు? మన సినిమాకెందుకియ్యలా?" అని ఒకడు అందుకుంటాడు. ఇక చీకటి పడేదాకా అదే రచ్చ.

ఈ రచ్చలో సగం అభిరుచికి సంబంధించింది. దాన్ని తీర్చడం ఎవరి తరమూ కాదు. మిగతా సగం అంకెలది. ఏ ఏడాది ఖాతాలో వేశారు, ఎంతమంది ఓటేశారు, ఆ ఓట్లను ఎలా లెక్కపెట్టారు అన్న మూడు సంగతులు తెలిస్తే చాలా అలకలకు కారణం దొరుకుతుంది.

నెల్లూరువాళ్లకు దగ్గరి ఉదాహరణతోనే మొదలుపెడదాం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి ఉత్తమ గాయకుడిగా మొదటి జాతీయ అవార్డు 'శంకరాభరణం'తో వచ్చింది. సినిమా థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. అవార్డు మాత్రం 1979 సంవత్సరానిది. అచ్చుతప్పేమీ కాదు. జాతీయ అవార్డులకు విడుదల తేదీతో పనిలేదు. జనవరి 1 నుంచి డిసెంబరు 31 లోపు సెన్సార్ సర్టిఫికెట్ ఎప్పుడు చేతికొచ్చిందన్నదే లెక్క. ఆ లెక్కన 'శంకరాభరణం' 1979 సినిమా. దానికి మొత్తం నాలుగు అవార్డులు దక్కాయి. జనరంజక చిత్రంగా ఒకటి, సంగీతానికి కేవీ మహదేవన్‌కు ఒకటి, పాటకు బాలుకు ఒకటి, వాణీ జయరామ్‌కు ఒకటి.

నాలుగు దశాబ్దాల తర్వాత సరిగ్గా ఇదే కథ 'ఆర్ఆర్ఆర్' విషయంలో నడిచింది. మనం టికెట్ల కోసం కొట్టుకున్నది 2022 మార్చి 25న. కరోనా వల్ల జనవరి విడుదల వాయిదా పడింది కానీ సెన్సార్ పని 2021లోనే అయిపోయింది. అందుకే 2021 సినిమాల కోసం 2023 ఆగస్టులో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో అది, 2021 డిసెంబరులో వచ్చిన 'పుష్ప' ఒకే బరిలో నిలిచాయి. ఆ ఏడాది కథాచిత్రాల విభాగంలో తెలుగుకు పది అవార్డులు వచ్చాయి. 'ఆర్ఆర్ఆర్'కు ఆరు, 'పుష్ప'కు రెండు, 'ఉప్పెన', 'కొండపొలం' చిత్రాలకు ఒక్కొక్కటి. ఆరు అందుకున్న 'ఆర్ఆర్ఆర్' ఉత్తమ తెలుగు చిత్రం కాదు, అది 'ఉప్పెన'. విచిత్రంగా ఉన్నా తప్పేమీ లేదు. జనరంజక చిత్రం ఒక విభాగం, భాషలవారీ ఉత్తమ చిత్రం మరో విభాగం.

విభాగాలు ఒకే పనిని ఎన్ని ముక్కలు చేస్తాయో చూడాలంటే 'నాటు నాటు' ఒక్కటి చాలు. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కార్ వచ్చింది. బొమ్మలు అందుకున్నది ఇద్దరే, స్వరకర్త కీరవాణి, రచయిత చంద్రబోస్. పాడిన రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవలకు బొమ్మ లేదు, ఎందుకంటే ఆస్కార్‌లో గాయకుల విభాగమే లేదు. ఊరూవాడా వేసిన ఆ స్టెప్పులకూ లేదు, నృత్యానికీ విభాగం లేదు. ఐదు నెలల తర్వాత ఢిల్లీ లెక్క వేరుగా వచ్చింది. 'ఆర్ఆర్ఆర్' నృత్యాలకు ప్రేమ్ రక్షిత్‌కు అవార్డు వచ్చింది. కాలభైరవకు వచ్చింది గానీ 'కొమురం భీముడో' పాటకు. కీరవాణికి నేపథ్య సంగీతానికి. చంద్రబోస్‌కు సాహిత్యానికి వచ్చింది, అదీ 'కొండపొలం' పాటకు! ఆస్కార్ తెచ్చిన మాటకూ బాణీకీ ఇక్కడ విడిగా గుర్తింపు లేదు, ఇక్కడ గుర్తించిన ఆటకు అక్కడ చోటు లేదు. రెండు న్యాయనిర్ణయాల్లో ఏది సరైనదని అడగడం దండగ. వాళ్లు కొలిచిన వస్తువులే వేరు.

ఇక కొలిచేవాళ్ల సంఖ్య. జాతీయ అవార్డుల్లో ముందు ప్రాంతీయ ప్యానెళ్లు వడపోస్తాయి, తెలుగు సినిమాలు కన్నడంతో కలిసి దక్షిణాదిలోని రెండో ప్యానెల్ ముందుకెళ్తాయి. ఆపైన ఢిల్లీలో కేంద్ర జ్యూరీ. ఛైర్మన్‌తో కలిపి పదకొండు మంది. వాళ్లు కలిసి సినిమాలు చూసి, కూర్చుని వాదించుకుంటారు. ఆస్కార్‌లో అలా కాదు. 'నాటు నాటు' గెలిచిన ఏడాది ఓటర్లు దాదాపు తొమ్మిదిన్నర వేలు, ఎవరి ఓటు వాళ్లది, ఎవరూ ఎవరితో కూర్చోరు. ఆ ఏడాది పాటల విభాగంలో అర్హత పొందినవి 81. సంగీత శాఖ సభ్యులు వాటిని పదిహేనుకు, పదిహేనును ఐదుకు కుదించారు. చివరి ఐదింటిలో ఒకదాన్ని అందరూ కలిసి ఎన్నుకున్నారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క సరదాగా ఉంటుంది. ఐదు పాటల మీద 9,500 ఓట్లు పడ్డాయనుకుందాం. ఎక్కువ ఓట్లు వచ్చినదే విజేత కాబట్టి, మిగతా నాలుగింటికీ సమానంగా చీలితే 1,901 ఓట్లతోనూ గెలవొచ్చు. అంటే ఐదింట నాలుగు వంతుల మంది వేరే పాటకు ఓటేసినా ఆస్కార్ వచ్చేస్తుంది. 'నాటు నాటు'కు ఎన్ని పడ్డాయో ఎవరికీ చెప్పరు, ఓట్ల లెక్క అకాడమీ బయటపెట్టదు. ఆ మాటకొస్తే సగం ఓట్లు రాకున్నా అందరికంటే ఎక్కువ వస్తే గెలవడం మన సర్పంచి ఎన్నికలోనూ ఉన్నదే.

ఉత్తమ చిత్రానికి మాత్రం ఆస్కార్ పద్ధతి మారుతుంది. బరిలో పది సినిమాలు. ఓటరు ఇష్టాన్ని బట్టి ఒకటి, రెండు, మూడు అని వరస రాయాలి. మైపాడు మిత్రులు పదకొండు మంది 'పుష్ప', 'మహానటి', 'బలగం' మధ్య ఇలా ఓటేశారనుకోండి. మొదటి ఇష్టంగా 'పుష్ప'కు ఐదు, 'మహానటి'కి నాలుగు, 'బలగం'కు రెండు. మామూలు పద్ధతిలో 'పుష్ప' గెలిచినట్టే. వరస పద్ధతిలో గెలవాలంటే సగానికి పైగా, అంటే ఆరు ఓట్లు కావాలి. ఎవరికీ లేవు. కాబట్టి అట్టడుగునున్న 'బలగం'ను తీసేసి, దానికి ఓటేసిన ఇద్దరి రెండో ఇష్టం ఏమిటో చూస్తారు. ఇద్దరూ 'మహానటి' అని రాసుంటే దానికి ఆరు, 'పుష్ప'కు ఐదే. విజేత మారిపోయింది. ఎవరూ మనసు మార్చుకోలేదు, ఎవరూ మోసం చేయలేదు. కొందరు ప్రాణమిచ్చి, చాలామంది పెదవి విరిచే సినిమా కంటే, తగినన్ని మొదటి ఓట్లతోపాటు మిగతావాళ్ల జాబితాల్లోనూ పైవరసలో ఉండే సినిమాకు ఈ పద్ధతి మేలు చేస్తుంది. విజేతను చూసి "బాగానే ఉంది గానీ..." అని నసిగిన సందర్భాలకు ఇదొక కారణం కావచ్చు.

మరి 'ఆర్ఆర్ఆర్'ను మన దేశం ఎందుకు పంపలేదన్న ప్రశ్న బీచ్‌లో తప్పక వస్తుంది. అంతర్జాతీయ చిత్రం విభాగంలో ఒక దేశం నుంచి ఒక్క సినిమాకే అవకాశం. ఆ ఏడాది ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా గుజరాతీ చిత్రం 'ఛెల్లో షో'ను ఎంచుకుంది. 'ఆర్ఆర్ఆర్' వేరే గుమ్మం తట్టింది. అమెరికాలో నిర్ణీత నగరాల్లో వారం రోజులు థియేటర్లో ఆడితే సాధారణ విభాగాల్లో నేరుగా పోటీ పడొచ్చు, ఏ దేశమూ పంపనక్కర్లేదు. 1957లో 'మదర్ ఇండియా'తో మొదలైన అధికారిక ఎంట్రీల వరసలో తెలుగు సినిమా ఒక్కటే, 1986 నాటి కె.విశ్వనాథ్ 'స్వాతిముత్యం'. అన్ని దశాబ్దాలకు ఒక్కటి! ఈ అంకె మీద అలగడానికి మనకు హక్కుంది.

అలిగే హక్కు అల్లు అర్జున్ అభిమానులకూ ఉండేది, 2023 దాకా. ఉత్తమ నటుడిగా జాతీయ అవార్డు పొందిన మొదటి తెలుగు హీరో ఆయనే, 2021 సంవత్సరానికి. అదే తెనాలి ఆడపడుచు శారద 1968 సంవత్సరానికే ఉత్తమ నటి అయింది, మలయాళ 'తులాభారం'తో. యాభై మూడేళ్ల తేడా. ఆమె అక్కడితో ఆగకుండా మొత్తం మూడుసార్లు గెలిచింది, మూడోది తెలుగు 'నిమజ్జనం'. ఆ తర్వాత 'దాసి'తో అర్చన, 'కర్తవ్యం'తో విజయశాంతి, 'మహానటి'తో కీర్తి సురేశ్. మగ హీరోల పేర్లతోనే సినిమాను లెక్కపెట్టే పరిశ్రమకు ఈ వరస కొంచెం ఇబ్బందిగానే ఉండాలి.

మళ్లీ బాలు దగ్గరికి వస్తే, ఆయనకు జాతీయ అవార్డులు ఆరు. తెలుగులో మూడు, హిందీ, కన్నడ, తమిళాల్లో ఒక్కొక్కటి. 1979, 1981, 1983 సంవత్సరాలకు మూడు చకచకా వచ్చాయి. తర్వాతవి 1988, 1995, 1996 సంవత్సరాలవి. ఈ విభాగంలో ఆయన కంటే ముందున్నది ఎనిమిది అందుకున్న ఏసుదాస్. బాలు పాడిన పాటలు 40 వేలకు పైగా అంటారు. ఆ లెక్క తీసుకుంటే సుమారు 6,700 పాటలకు ఒక జాతీయ అవార్డు. మీకు ఇష్టమైన బాలు పాట ఆ ఆరింటిలో లేకపోతే ఆశ్చర్యపోయేదేముంది!

నెల్లూరు జిల్లా ఉదయగిరిలో పుట్టిన సింగీతం శ్రీనివాసరావు పేరు ఇలాంటి కబుర్లలో తక్కువగా వినిపిస్తుంది, అన్యాయం. ఆయన 'పుష్పక విమానం' 1987 సంవత్సరానికి జనరంజక చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది. ఒక్క డైలాగూ లేని ఆ సినిమాను కన్నడ చిత్రాల లెక్కలో వేశారు.

జనం లెక్క వేరేచోట ఉంటుంది. 2019 ఆగస్టులో అప్పటి నెల్లూరు జిల్లా సూళ్లూరుపేటలో, చెన్నై హైవే పక్కన 'వీ ఎపిక్' థియేటర్ తెరిచారు. తెర వెడల్పు 106 అడుగులు, ఎత్తు 54 అడుగులు. 'సాహో'తో మొదలైన ఆ తెర ముందు కూర్చోవడానికి జనం తమిళనాడు నుంచి కూడా వచ్చారు. జ్యూరీ ముందుకొచ్చే సినిమాకు తెర ఎంత వెడల్పైతేనేం?

ఇంత మాట్లాడుకున్నాక ఎవరో ఒకరు నంది సంగతి ఎత్తుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1964 సినిమాలతో మొదలుపెట్టిన ఆ అవార్డులు రాష్ట్రం విడిపోయాక బకాయిపడ్డాయి. 2014, 2015, 2016 సంవత్సరాలవి మూడూ కలిపి 2017 నవంబరులో ప్రకటించారు. తెలంగాణ 2025లో గద్దర్ పేరిట సొంత అవార్డులు ఇచ్చింది. 2024కు 'కల్కి 2898 ఏడీ' ఉత్తమ చిత్రం. దాంతోపాటు 2014 నుంచి 2023 దాకా ఏడాదికి మూడేసి చొప్పున ముప్పై చిత్రాలను ఒకేసారి గౌరవించి పాత బాకీ తీర్చేసింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో చదివిన ఆ జాబితాలో చివరి సంవత్సరం 2016.