షాంపేన్ సీసాలోని వాయువు

ఫ్రాన్సు దేశమందలి షాంపేన్ మండలములో తయారగు ద్రాక్షసారాయమునకు ఆ మండలము పేరే వచ్చినది. సారాయమును సీసాలో పోసి, చక్కెర, ఈస్టు చేర్చి మూయుదురు. ఈస్టు చక్కెరను పులియజేయగా పుట్టిన బొగ్గుపులుసు వాయువు వెలుపలికి పోలేక ద్రవములోనే కరగియుండును. 750 మిల్లీలీటర్ల సీసాలో ఇది సుమారు 9 గ్రాములు. వెలువడినచో దాదాపు 5 లీటర్ల చోటు ఆక్రమించును. దీనిని వడ్డించుటలో జరుగు పొరపాట్లు ఈ వాయువును మరచుట వలననే కలుగుచున్నవి.

మొదటిది, సీసాను చల్లబరచకుండుట. ద్రవము వెచ్చబడిన కొలది అందు వాయువు కరగుట తగ్గును. సీసాలోని పీడనము 10 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద వాతావరణ పీడనమునకు సుమారు 5 రెట్లుండగా, 20 డిగ్రీల వద్ద 7 రెట్లు దాటును. వెచ్చని సీసా తెరచినంతనే పొంగిపోవుటకు కారణమిదే. 8 నుండి 10 డిగ్రీలు తగిన చల్లదనము.

రెండవది ప్రమాదకరము. వేడుకకై బిరడాను ఎగురగొట్టినచో అది గంటకు 50 కిలోమీటర్ల వేగముతో దూసుకుపోగలదు. కంటికి తగిలి చూపు పోయినవారును కలరు. సీసా మూతిని ఎవరివైపునకును త్రిప్పరాదు. బిరడాను అదిమిపట్టి, సీసాను మెల్లగా త్రిప్పవలెను.

మూడవది, గ్లాసును నిలువుగా ఉంచి పైనుండి పోయుట. గ్లాసును వంచి అంచు వెంబడి పోసినచో ఎక్కువ వాయువు నిలుచునని రీమ్స్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2010లో కొలిచి చూపిరి.

మిగిలిన సీసా మూతిలో వెండి చెంచా ఉంచిన బుడగలు నిలుచునను నమ్మకము పరీక్షలకు నిలువలేదు. గట్టి మూత, చల్లదనము, ఈ రెండే వాయువును నిలుపును. సోడా సీసాకును ఇదే నియమము. చల్లని సోడాను, వెచ్చని సోడాను ప్రక్కప్రక్కన తెరచి విద్యార్థులు ఈ భేదమును స్వయముగా చూడవచ్చును.